డెన్వర్ నా కొడుకు కాడు

లెఫ్ట్ ఫోర్క్, తూర్పు కెంటకీ
ఆగస్టు 14, 2016

ట్రీనాకు నీ అమ్మమ్మ ఆర్లీనా చెప్పగా నా ఆడపడుచు వెస్టా రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టు రాయమని దాని చేత బైబిలు మీద చెయ్యి పెట్టించాను. ఇందులో ఎక్కడైనా మర్యాద మాటలు కనబడితే అవి దానివి, నావి కావు.

ఫోనులో నీ గొంతు నాకు తుమ్మెద రొదలాగా వినిపిస్తోంది, అందుకని ఈ ఉత్తరం. అక్షరం రాకపోయినా నోరు ఉంది కదా.

ముందు నాకో సంగతి తేల్చు. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేశావు, మళ్ళీ చదువేమిటి? నువ్వు చెయ్యబోయే ఉద్యోగం పేరులోనే ప్రాక్టీసు అని ఉందట, వెస్టా చదివి చెప్పింది. చర్చిలో బ్యూలా ఆ మాట పట్టుకుంది. "ఈ వయసులో ఇంకా ప్రాక్టీసేనా? అది పూర్తయ్యాక రమ్మను, అప్పుడు చూపించుకుంటాం" అంటోంది. నేను అందరికీ నరాల చదువు అని చెప్పాను. అప్పట్నుంచి కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు, మెడ పట్టేసినవాళ్ళు నీ కోసం అడుగుతున్నారు. ఆ నరాలు కాదర్రా, లోపలి నరాలు అంటే అర్థం చేసుకోరు.

ఇక అసలు సంగతి. గనిలో కప్పు కూలి, తోటి పనివాడు కర్టిస్ పోయిన రోజు మీ డెన్వర్ మావయ్య అతని పక్కనే ఉన్నాడు. ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చాడని అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. ఆ గీత లోపల పడిందని మాకు తెలియలేదు. మొదట చీపురు కర్ర పట్టుకుని గదులన్నీ తిరిగేవాడు. పైకప్పు కొట్టడం, చెవి పెట్టి వినడం. గనిలో వాడి పని అదే కదా, ఇనప కడ్డీతో కప్పు కొట్టి వినడం. గట్టి రాయి ఖంగుమంటుంది, ఊడబోయే రాయి బోలుగా పలుకుతుంది. నా వంటింటి కప్పు చెక్కది. దాన్ని ఖంగుమనమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

జూన్ నుంచి ఏ కప్పు కిందా పడుకోవడం లేదు. ట్రక్కు వెనక తొట్టిలో, ఆకాశం కింద పడుకుంటున్నాడు. అన్నానికి పిలిస్తే పళ్ళెం అక్కడికే తెమ్మని చెయ్యి ఊపుతాడు. "ఊఁ", "ఉహూఁ" తప్ప మూడో మాట లేదు. ఇది పిచ్చి కాదు. నరాలు. మా అమ్మకీ ఉండేవి. చలి పడకముందే మాత్ర రాసి పంపు.

నీ అమ్మమ్మ గుర్తు: X
(ఇంటూ గుర్తు ఆమె చేత్తో పెట్టిందే. వెస్టా.)


లెక్సింగ్టన్
సెప్టెంబరు 2, 2016

అమ్మమ్మా,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ నవ్వాను, చివరికొచ్చేసరికి నా స్టాపు దాటిపోయింది. అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెనక్కొచ్చాను.

బ్యూలాకి చెప్పు, నర్స్ ప్రాక్టీషనర్ అన్నప్పుడు ప్రాక్టీసంటే ఇంకా నేర్చుకోవడం కాదు. పాసైతే మనసు జబ్బులున్నవాళ్ళని నేనే కూర్చోబెట్టుకుని వింటాను, మందు నేనే రాస్తాను. ఇప్పటికైతే నేర్చుకోవడమే, ఆవిడ అన్నదాంట్లో సగం నిజం.

ఇక్కడ రోగుల్లా నటించడానికి మనుషుల్ని పెడతారు. మొన్న ఒకావిడ మొగుడు పోయినదానిలా నటిస్తూ నా ఎదుట ఏడ్చింది. నేను టిష్యూలు అందించి, "ఏడవకండి, అంతా సర్దుకుంటుంది" అన్నాను. మా టీచరు ఆపేసింది. "ఏడుపు ఆపమన్నది ఆమె కోసమా, నీ కోసమా?" అని అడిగింది. ఆ రోజు ఫెయిలయ్యాను.

మావయ్య సంగతి. నేను మాత్ర రాయలేను, అమ్మమ్మా. ఇంకా విద్యార్థిని. పాసయ్యాక కూడా సొంతవాళ్ళకి మేం వైద్యం చెయ్యకూడదు. కానీ ఐరా పెల్‌ఫ్రీ గారని, నాకు పని నేర్పేవాళ్ళలో ఒకరు, ప్రతి గురువారం మన కౌంటీ క్లినిక్‌కి వస్తారు. మన పక్క కౌంటీ మనిషే, మన మాటే మాట్లాడతారు. మావయ్యని ఆయన దగ్గరికి పంపించు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకుండా చెప్పు. ఇంట్లో తుపాకులు ఎక్కడున్నాయి?

ప్రేమతో,
ట్రీనా


లెఫ్ట్ ఫోర్క్
సెప్టెంబరు 18, 2016

ట్రీనాకు,

కోపం తెచ్చుకోవద్దన్నావు, అందుకని నాలుగు రోజులు ఆగి చెబుతున్నాను.

తుపాకులు ఎక్కడుంటాయి? తలుపు వెనక. మీ తాతయ్య ఉన్నప్పుడూ అక్కడే. నా కొడుకు ఉడుతల్ని తప్ప ఏ ప్రాణినీ కొట్టలేదు, అదీ నీకు కూర వండి పెట్టాలని. వాణ్ణి హంతకుణ్ణి చేస్తావా? ఇదేనా అక్కడ నేర్పేది?

పిచ్చి నటించడానికి మనుషుల్ని పెట్టుకుంటున్నారా? మన వాగు దగ్గరికి ఒక బస్సు పంపండి, నటించని వాళ్ళని ఎక్కించి పంపుతాం.

ఆ పెల్‌ఫ్రీ ఎవరు? ఎవరి కొడుకు? పక్క కౌంటీ వాడంటే నాకు సగం అనుమానం అక్కడే వచ్చింది. వాడి ముందు కూర్చుని మన ఇంటి గుట్టు చెప్పుకోవాలా? డెన్వర్‌ని అడిగాను. "ఉహూఁ" అన్నాడు. అది వాడికి వచ్చిన రెండు మాటల్లో ఒకటి, అదే వాడాడు.

ఇక సొంతవాళ్ళకి చెయ్యకూడదన్న మాట. నా చెవికి చేటొచ్చిందేమోనని వెస్టా చేత మళ్ళీ మళ్ళీ చదివించాను. వంట నేర్చుకున్నది ఇంట్లో వండదా? నువ్వు చదువుకు వెళ్తున్నప్పుడు నీ ట్రంకు పెట్టె మోసి బస్సెక్కించింది ఎవరు? నీకు కారు నడపడం నేర్పి నా కోళ్ళ గూడు పడగొట్టించింది ఎవరు? అప్పుడు సొంతం, ఇప్పుడు కూడదా?

చలి మొదలైంది. పొద్దున లేచి చూస్తే వాడి దుప్పటి మీద మంచు తెల్లగా పేరుకుంది.

X
(వదిన నన్ను ఇంకా రెండు మాటలు రాయమంది. నేను రాయలేదు. వెస్టా.)


లెక్సింగ్టన్
అక్టోబరు 5, 2016

అమ్మమ్మా,

నన్ను తిట్టు. తిట్టడం అయ్యాక ఇది ఇంకోసారి చదివించుకో.

తుపాకుల గురించి అడిగింది మావయ్య ఎవరినో కొడతాడని కాదు. తనని తాను కొట్టుకుంటాడేమోనని. మేం ఎవర్నైనా ఈ మాట సూటిగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది, అంతే. ఆసుపత్రిలో కొత్తవాళ్ళని రోజూ అడుగుతున్నాను, నోరు తడబడదు. మావయ్య గురించి ఆ మాట రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

అందుకే సొంతవాళ్ళకి చెయ్యకూడదంటారు. మావయ్య నా ఎదురుగా కూర్చుంటే ఏం చెబుతాడు? "నాకేం పిల్లా, నేను బాగానే ఉన్నా" అంటాడు. నా చిన్నప్పుడు, గనిలో తన వేలు నలిగినప్పుడు కూడా తలుపు సందులో పడిందని నాకు అబద్ధం చెప్పాడు. నేను నమ్మాను. ఇప్పుడూ నమ్ముతాను, నమ్మాలనుంటుంది కాబట్టి. పెల్‌ఫ్రీ గారికి ఆ బాధ లేదు.

ఇక్కడ కాగితం రాసే పద్ధతి చెబితే నువ్వు ఇంకో నాలుగు రోజులు ఆగాల్సి వస్తుంది. గొంతులు వినిపిస్తున్నాయా అని అడిగితే రోగి లేదంటే, "ఒప్పుకోవడం లేదు" అని రాస్తాం. నిన్న ఒక పెద్దాయన అది చూసి, "నేను దొంగనా అమ్మాయ్, ఒప్పుకోవడానికి?" అన్నాడు. నాకు నువ్వే గుర్తొచ్చావు.

మావయ్య నాకు ఏమీ కాకపోయి ఉంటే, మా టీచర్లతో కలిసి రేపే వచ్చి కూర్చునేదాన్ని. ఆ సంగతి నువ్వు నమ్మాలి.

నీ ట్రీనా


లెఫ్ట్ ఫోర్క్
అక్టోబరు 30, 2016

ట్రీనాకు, మీ టీచర్లకు, ఇంకా ఆ కాగితాలు చూసే పెద్దలందరికీ, ఆర్లీనా స్టేసీ దేవుని ఎదుట చెప్పి రాయిస్తున్నది.

డెన్వర్ నా కొడుకు కాడు.

ఆ పెద్ద వరద వచ్చిన ఏడు, వాగు నీళ్ళు తీశాక, నేను గుమ్మంలో బురద ఎత్తుతున్నాను. వర్జీనియా నుంచి ఒకావిడ వచ్చింది. ఎర్ర టోపీ పెట్టుకుంది. పళ్ళు మంచివి. చంకలో బిడ్డ. "కాస్త పట్టుకో అమ్మా, మంచినీళ్ళు తాగొస్తాను" అని నా చేతిలో పెట్టి పోయింది. నీళ్ళ కోసం ఎంత దూరం వెళ్ళిందో, ఈనాటికీ రాలేదు. మీ తాతయ్య అన్నాడు, ఉండనీ, తిండి ఎంత తింటాడులే అని. ఆ లెక్క ఆయన తప్పాడు.

కాబట్టి వాడు నాకేమీ కాడు, నీ తల్లికేమీ కాడు, నీకసలే కాడు. దారిన పోయేవాడితో సమానం. నువ్వూ నీ టీచర్లూ వచ్చి వాణ్ణి చూడవచ్చు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వెస్టా మొగుడితో ఒహాయోలో ఉంది, దానికి ఈ సంగతి తెలియదు. రాస్తూ ఏడుస్తోంది. కాగితం తడిస్తే తప్పు దానిది.

తుపాకులు వెస్టా ఇంట్లో పిండి పీపా వెనక ఉన్నాయి. నువ్వు అడిగావని కాదు. తలుపు వెనక చీపురుకి చోటు చాలడం లేదు.

మళ్ళీ చెబుతున్నాను, చలి బాగా ఉంది. రెండు బొంతలు కప్పాను. దారిన పోయేవాడికైనా కప్పుతాను.

X
(ట్రీనా తల్లీ, నా గుండె ఆగిపోయింది. వెస్టా.)


లెక్సింగ్టన్
నవంబరు 8, 2016

అమ్మమ్మా,

ఇదేం పని?

ఒక రోజంతా నేను నమ్మాను. నమ్మి, డేటన్‌లో అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత ఆలోచించింది, తర్వాత అరిచింది. మావయ్య పుట్టేటప్పుడు అమ్మని వరండా కింద కుక్క పక్కన కూర్చోబెట్టారట. లోపల నువ్వు అరుస్తుంటే బయట కుక్క అరిచిందట. వరద వచ్చేసరికి మావయ్య నడుస్తున్నాడట, బురదలో ఒక చెప్పు పోగొట్టుకుని నీ చేత తన్నులు కూడా తిన్నాడట. ఎర్ర టోపీ ఎవరూ చూడలేదు.

నేను రాసిన ఒక్క వాక్యం పట్టుకుని ఇదంతా కట్టావు. అది నా తప్పే. అసలు సంగతి రక్తం కాదు, అమ్మమ్మా. ఆయన్ని నువ్వు నిజంగానే వాగులోంచి ఎత్తుకొచ్చి ఉన్నా నేను చూడకూడదు. నాకు కారు నడపడం నేర్పినవాణ్ణి పరాయివాడిలా ఎలా చూడను? నువ్వే అన్నావు కదా కోళ్ళ గూడు సంగతి.

వెస్టా చిన్నమ్మమ్మకి ఈ రోజే నిజం చెప్పు. మావయ్య చెవిన పడకూడదు. ఇలాంటి సమయంలో ఆయనకి ఇది తెలిస్తే ఏమవుతుందో చెప్పలేను. నిజంగా చెప్పలేను.

ఉత్తరం చేరగానే ఎవరి చేతనైనా నాకు ఫోన్ చేయించు.

ట్రీనా


లెఫ్ట్ ఫోర్క్
నవంబరు 20, 2016

ట్రీనాకు,

నీ ఉత్తరం చేరేసరికే ఆలస్యమైంది. ఫోనులో వెస్టా నీకు "అంతా క్షేమం" అని మాత్రం చెప్పి పెట్టేసిందట, మిగతాది చెప్పే మొహం లేక. మిగతాది నేను చెబుతాను, అదే రాస్తుంది. దానికి ఇదే ఆఖరి ఉత్తరం. ఈ పనిలోంచి తీసేశాను. తీసేశానన్న మాట కూడా దాని చేతే రాయిస్తున్నాను.

చర్చి నుంచి వస్తూ ఇది ట్రక్కు దగ్గరికి వెళ్ళింది. తొట్టిలోకి వంగి, డెన్వర్ మెడ పట్టుకుని, "నువ్వెవరి బిడ్డవైనా నాకు మాత్రం మేనల్లుడివే నాయనా" అని బావురుమంది. ఇంకేం మిగిలింది?

నేను వంటింట్లో మొక్కజొన్న పిండి కలుపుతున్నాను. తలుపు తోసుకుని వచ్చాడు. ఎన్నాళ్ళకో ఆ గుమ్మం దాటాడు. వచ్చి కప్పు కింద నిలబడ్డాడు, పైకి చూడలేదు.

"అమ్మా, నేనెవరి కొడుకుని?"

జూన్ తర్వాత వాడి నోట పూర్తి మాట అదే. నేను, "కాళ్ళు తుడుచుకో" అన్నాను. ఏం చెయ్యను, నోటికి అదే వచ్చింది.

"వర్జీనియా ఆవిడ ఎవరు?"

"ఏ వర్జీనియా ఆవిడ?"

"ఎర్ర టోపీ ఆవిడ."

"మంచి మనిషే" అన్నాను. మొదలుపెట్టిన దాన్ని అంత తేలిగ్గా ఎలా వదులుతాను?

వాడు గోడ మీంచి మీ తాతయ్య ఫోటో తీశాడు. గడ్డం గీసుకునే అద్దం తీశాడు. రెండూ పక్కపక్కన బల్ల మీద నిలబెట్టి, వంగి, తన చెవి పట్టుకున్నాడు. మీ తాతయ్య చెవులు నీకు తెలుసు, గాలి వస్తే తలుపుల్లా ఊగేవి.

"ఈ చెవి కూడా వర్జీనియా నుంచే వచ్చిందా?"

ఇక చెప్పక తప్పలేదు. "నువ్వు నాకేమీ కాకపోతేనే ఆ పిల్ల నిన్ను చూడొచ్చట. అందుకని ఏమీ కావని రాయించాను."

"మాత్ర కోసం నన్ను పారేశావా?"

"పారెయ్యలేదు. కాగితం మీద కొట్టేశాను. రొట్టె పెట్టడం మానేశానా?"

కుర్చీలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడనుకున్నాను, భుజాలు అలా కదిలాయి. నవ్వు కాదు. నా నోటి చివరికి "ఏడవకు నాన్నా" అని వచ్చింది. నీ నటి గుర్తొచ్చింది, మీ టీచరు అడిగిన మాట గుర్తొచ్చింది. పళ్ళు బిగించుకుని పిండి కలుపుతూ కూర్చున్నాను. ఎనభై దాటిన దాన్ని, నోరు మూసుకోవడం ఇంత కష్టమని నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు ఆ పరీక్ష ఫెయిలయ్యావంటే నాకు ఇప్పుడు ఆశ్చర్యం లేదు.

చాలాసేపటికి వాడే చెప్పాడు. "కప్పు కొట్టింది నేనే అమ్మా. ఖంగుమంది. బాగుంది పద అన్నాను. కర్టిస్ నడిచాడు."

అంతే. నేను పిండిలో ఇంకాస్త నీళ్ళు పోశాను. పిండి మరీ పలచనయ్యింది, రొట్టె పాడయ్యింది, అయినా తిన్నాడు.

లేచేటప్పుడు, "ఆ పెల్‌ఫ్రీ దగ్గరికి గురువారం వెళతాను. ఆలస్యం చేస్తే నువ్వు అక్కని కూడా ఎవరో ఇచ్చి పోయారంటావు" అన్నాడు. నిద్ర మళ్ళీ ట్రక్కులోనే. కానీ వెళ్ళాడు, గురువారం. ఆ ట్రక్కు ఎప్పట్నుంచో కదలదు కాబట్టి వెస్టా కారులో. అందుకని దీన్ని పూర్తిగా తీసెయ్యలేదు, ఉత్తరాల్లోంచి మాత్రమే తీసేశాను.

నేను చెప్పింది అబద్ధమే. మంచి అబద్ధం. ఆ ఎర్ర టోపీ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు.

X
(నేను మేలు కోరే చెప్పాను. వెస్టా.)


లెక్సింగ్టన్
జనవరి 15, 2017

అమ్మమ్మా,

నువ్వు పిండి కలుపుతూ నోరు మూసుకున్న సంగతి చదివి, నేను మంచం మీద కూర్చుండిపోయాను.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. మావయ్య మాట్లాడాడు కదా అని నయమైపోయిందనుకోకు. కోపంలో తలుపు తెరుచుకుంది, అంతే. మళ్ళీ మూసుకునే రోజులు వస్తాయి. తుపాకులు పిండి పీపా వెనకే ఉండనీ. గురువారాలు తప్పనివ్వకు. మాత్రలు ఇచ్చి ఉంటే, పని చెయ్యడానికి వారాలు పడుతుంది, మూడో రోజున "ఇవేం పని చెయ్యడం లేదు" అని నువ్వు వాగులో పారెయ్యకు.

ఇచ్చారో లేదో నాకు తెలియదు. పెల్‌ఫ్రీ గారూ నేనూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం. మావయ్య గురించి ఆయన ఒక్క మాట అనరు, నేను అడగను. ఆయన ఉప్పు అందిస్తారు, నేను తీసుకుంటాను. ఈ చదువులో నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం ఆ ఉప్పు డబ్బా.

మళ్ళీ ఆ నటే వచ్చింది, అదే మొగుడు పోయిన కథ. ఏడ్చింది. ఈసారి నేను నీ పిండి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆమె తనంతట తనే ఆగి, ముందు చెప్పని మాట ఒకటి చెప్పింది. పాసయ్యాను.

మే నెలలో చదువు అయిపోతుంది, తర్వాత పెద్ద పరీక్ష. మన కౌంటీ క్లినిక్‌లో వారమంతా ఉండే మనిషి కావాలట, నన్ను అడిగారు. రావాలని ఉంది. కానీ వచ్చి ఏం చెయ్యను? ఆ వాగు పొడుగునా మనకి చుట్టం కానివాళ్ళు ఎవరు? పెళ్ళిళ్ళ లెక్క తీస్తే బ్యూలా కూడా నాకు ఏదో అవుతుంది. చూడకూడని వాళ్ళ మధ్య కూర్చోవడానికి ఇంత చదవాలా? ఇక్కడే లెక్సింగ్టన్‌లో ఒక చోటు చూసుకుంటే నయమేమో అనిపిస్తోంది.

నీ
ట్రీనా


లెఫ్ట్ ఫోర్క్
ఏప్రిల్ 9, 2017

ట్రీనాకు నీ అమ్మమ్మ చెప్పి రాయిస్తున్నది. అక్షరాలు వంకరగా ఉంటే వెస్టాని తిట్టకు, ఇవి దానివి కావు. కొత్తవాణ్ణి పెట్టుకున్నాను. జీతం లేదు, తిండి ఎక్కువ.

మాత్రలు ఇచ్చారు. మూడో రోజున నేను వాగు దాకా వెళ్ళిన మాట నిజమే, వెనక్కొచ్చాను. నువ్వు చెప్పినట్టే మధ్యలో మాట్లాడని రోజులు వచ్చాయి. ఒక గురువారం వెళ్ళనన్నాడు. వెస్టా కారు హారను కొడుతూనే ఉంది, వాగు అవతలివాళ్ళు కూడా బయటికొచ్చి, "వెళ్ళు డెన్వర్, మా చెవులు పోతున్నాయి" అన్నారు. వెళ్ళాడు. ఆ పెల్‌ఫ్రీ వాళ్ళ అమ్మ మా చర్చి పాస్టరుకి చిన్నప్పటి నేస్తమట. నేను విచారించాను. పరవాలేదు.

కర్టిస్ పెళ్ళాం వచ్చి వరండాలో కూర్చుని వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను లోపల నోరు మూసుకుని ఉన్నాను, నాకిప్పుడు అలవాటయ్యింది. (అలవాటు కాలేదు. అమ్మ కిటికీ దగ్గర నిలబడి విన్నది. నేను చూశాను. డె.)

నువ్వు లెక్సింగ్టన్‌లోనే ఉంటానన్న మాట గురించి. చలికాలమంతా కూర్చుని ఆలోచించాను, ఎవరు చుట్టం, ఎవరు కాదు అని. వాగు మొదట్లో గిబ్సన్లు మనకేమీ కారు. పంది విషయంలో తగాదా వచ్చినప్పుడు మీ తాతయ్య వాళ్ళతో అన్నీ తెంచుకున్నాడు, పెద్దల ముందు చెప్పి మరీ తెంచుకున్నాడు. వాళ్ళింట్లో అందరికీ నరాలే, నీకు చేతినిండా పని. వంతెన దగ్గరి కొత్తవాళ్ళు టెనెసీ నుంచి వచ్చారు, వాళ్ళు ఎవరికీ ఏమీ కారు. బ్యూలా మొగుడు మా మేనమామ మనవడన్న మాట నిజమే, కానీ ఆ పెళ్ళి పాస్టరు సరిగ్గా జరిపించలేదని నాకు ఎప్పట్నుంచో అనుమానం. ఇంకా చూస్తున్నాను. నిజంగా చుట్టాలైనవాళ్ళు గురువారం పెల్‌ఫ్రీ దగ్గరికి పోతారు, మిగతా రోజుల్లో మిగతావాళ్ళు నీ దగ్గరికి వస్తారు. ఇందులో కష్టం ఏముంది?

నీ గది తుడిపించాను. కోళ్ళ గూడు దూరంగా కట్టించాను.

X

కోడలు పిల్లా,

అమ్మ గుర్తు పెట్టాక ఇది నేను రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడుగుతోంది, తారీఖు అన్నాను.

నీ కోసం ఈవిడ సగం వాగుని తెంచేసుకుంది. నువ్వు త్వరగా రాకపోతే మాకు ఆదివారం పలకరించడానికి ఎవరూ మిగలరు.

గిబ్సన్ పెద్దాయన నిన్న దారిలో ఆపి, "మీ పిల్ల ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

వర్షం పడుతోంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను, తలుపు తీసి పెట్టుకున్నాను. కూర్చునే ముందు చీపురు కర్రతో కప్పు కొట్టి చూశాను. ఖంగుమనలేదు. చెక్క అలా అనదు, దాని చప్పుడు వేరే. ఇప్పుడిప్పుడే వినడం నేర్చుకుంటున్నాను.

డెన్వర్ మావయ్య